ఇనుముకి అంటని కూత

శ్రీకాకుళం బస్టాండులో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఒకడు నాకు ఆ కబురు చెప్పాడు.

"మీ కలాసీ ఎల్లిపోనాడు బాబూ. తెల్దేటి మీకు? మొన్న అమాసకి ముందే."

"అయ్యో! ఏమయిందిరా?"

"ఏటవతాది? తీతువు కూసినాది."

అని ఇంకో కాయ నొక్కి పప్పు నోట్లో వేసుకున్నాడు. అంతకు మించి చెప్పాల్సింది ఏమీ లేదన్నట్టు బస్సు వచ్చే వైపు చూశాడు.

వానలు మొదలైన దగ్గర్నుంచీ ఆయన దగ్గుతూనే ఉన్నాడు. ఆ దగ్గు శ్రీకూర్మంలో నా సోడా కొట్టు దాకా వినిపించేదంటే మీరు నమ్మరు, కోతలు కోస్తానని నాకు పేరుంది కాబట్టి. పోనీ, వాళ్ల పల్లె ఈ చివర నుంచి ఆ చివర దాకా వినిపించేది. ఆ దగ్గు ఒక్కడి చెవినా పడలేదు. పిట్ట కూత మాత్రం ఊరందరికీ వినపడింది. మా వైపు మనిషి దేనితో పోయాడని అడిగి చూడండి. జబ్బు పేరు చెప్పరు, పిట్ట పేరు చెబుతారు. పల్లెవాళ్లనే అంటున్నాననుకునేరు. తీతువు మా పెరటి మీదుగా అరుచుకుంటూ పోతే మా ఆవిడ కూడా పొయ్యిలో గుప్పెడు ఉప్పు వేస్తుంది. ఆ ఉప్పు చిటపటలాడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

పోయినవాళ్ల గురించి నెమ్మదిగా నాలుగు మంచి మాటలు రాయాలట. నాకిప్పుడు నెమ్మది లేదు. పైగా ఆయన నాలో పట్టిన తప్పు కూడా అదే. "నీకు కోపం రాదేట్రా సోడా? ఏటి మనిసివిరా నువ్వు?" అనేవాడు. వచ్చింది బావా. ఆలస్యంగా వచ్చింది.

ఆయనకో పేరుంది. రాయను. ఊరు ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు. ఓడల్లో పనిచేసి వచ్చాడు గనక కలాసీ. ఎప్పుడు వెళ్లాడు, ఏ ఓడలెక్కాడు, ఎందుకు తిరిగొచ్చాడు అని ఒకసారి వరసగా అడిగితే, "నువ్వేటి, పోలీసోడివా?" అని సోడా సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. కాబట్టి నాకు తెలిసింది ఆయన కథ కాదు, ఆయన కూర్చునే తీరు, తిట్టే తీరు.

బల్ల మీద కూర్చుంటే ఒక కాలు బల్లకోడుకి మెలి వేసేవాడు. సోడా తాగేటప్పుడు చిటికెనవేలు సీసా అడుగున పెట్టేవాడు. తాగేశాక ఖాళీ సీసాని తనే పెట్టెలో పెట్టి, అది దొర్లకుండా పక్క సీసాల మధ్య బిగించేవాడు. "బావా, మనం నేల మీదున్నాం" అనేవాణ్ణి. "నేలని నమ్మీకు" అనేవాడు. మే నెల ఎండలో కూడా మోకాళ్ల దాకా వచ్చే ఒక నల్లటి గళ్ల కోటు. బస్సులో లోపల చోటున్నా టాపు మీదే ఎక్కేవాడు. కోపం వస్తే, అంటే పొద్దస్తమానం, ఆయన తిట్టు ఒకటే: "నీ లంగరు తెగిపోనూ!" ఆలస్యంగా వచ్చిన బస్సునీ, కోటు నమిలిన మేకనీ, ప్రసాదం తక్కువ పెట్టిన పూజారినీ అదే తిట్టు తిట్టేవాడు. మాకందరికీ అది నవ్వుల తిట్టు. ఆయనకి కాదు. లంగరు తెగిన ఓడలో ఉన్నవాడికి ఆ తిట్టు బరువు తెలుస్తుంది.

నా సంగతి కూడా చెప్పాలి. గుడికి వచ్చే యాత్రికులు నా కొట్టులో మొదటి సోడా దాహానికి తాగుతారు, రెండోది నా కోతల కోసం తాగుతారు. సాలూరు ఘాటీలో బ్రేకులు పోయిన లారీని తలగుడ్డ విసిరి నేనాపిన కథ. కళింగపట్నం దీపస్తంభం ఆరిపోతే నా బీడీ నిప్పు చూసుకుని ఓడ ఒడ్డుకి చేరిన కథ. ఇవి అబద్ధాలని వాళ్లకి తెలుసు. వాళ్లకి తెలుసని నాకు తెలుసు. అందుకే వ్యాపారం సాఫీగా సాగుతుంది. బల్ల చివర కూర్చున్న కలాసీ మాత్రం పళ్లు బిగించి చివరిదాకా విని, పోస్టాఫీసులో ముద్ర గుద్దినట్టు ఒక్క మాట అనేవాడు:

"అబద్దం."

ఒకనాటి మధ్యాహ్నం తీతువొకటి కొట్టు మీదుగా అరుచుకుంటూ పోయింది. బల్ల మీద ఉన్నవాళ్లంతా తూ తూ అని గుండెల మీద ఉమ్మేసుకున్నారు. కలాసీ లేచాడు.

"ఎందుకురా ఉమ్మేసుకుంతారు? అదేటి సేసినాది మిమ్మల్ని?"

"అది కూస్తే ఎవులో పోతారు కదా మావా" అన్నాడొక కుర్రాడు.

"పోతారా? అయితే ఇనుకో. ఆ పిట్ట నేని రేవు నాను సూడనేదు. మొంబాసాలో ఉన్నాది. అక్కడ తీతీ అనదు." కోటు వెనక్కి తోసి, మెడ ముందుకి చాచి, నాలుక అంగిట్లో కొట్టి కూసి చూపించాడు: టింక్, టింక్, టింక్. "కమ్మరోడు దాగలి మీద కొట్టినట్టు. అందుకే దాన్ని కమ్మరి పిట్టంతారు. ఆస్ట్రేలియాలో ఉన్నాది. మొకమంతా పసుపు రాసుకున్న ముత్తైదువులాగుంటాది. రెక్కకి ముల్లు. గుడ్ల కాడికెల్తే నా టోపీ తన్నీసినాది. బిలాయితుది తలమీద కొప్పెట్టుకుంతాది. అమెరికాలో దాని సిన్న సెల్లెలున్నాది. దాని గూటికాడికి నువ్వెల్తే రెక్కిరిగిపోనట్టు కుంటుతాది. నువ్వు దాన్నట్టుకుందామని దాని ఎనకాల పోతావు, గుడ్లు ఇక్కడుంతాయి, నువ్వక్కడుంతావు. అప్పుడు సక్కా ఎగిరిపోద్ది."

"మా ఊరి వేషగాళ్లు దాని దగ్గర నేర్చుకోవాలి" అన్నాను.

"నువ్వు నోర్ముయ్యి. కింద అమెరికాలో అయితే ఇల్లల్లో పెంచుతారు. కుక్కకి బదులు. కొత్తోడు గుమ్మమెక్కితే సాలు, ఊరు లేచిపోద్ది."

"జీతమా, భత్యమా బావా దానికి?"

బల్లంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. ప్రతి రేవు పిట్టకీ వేరే మెడ, వేరే నడక, వేరే గొంతు. ఆ నల్లకోటులోంచి ఒక్కొక్క దేశం పిట్టా దిగి నా కొట్టు ముందు నడిచి వెళ్లింది. చివరికి అన్నాడు:

"ఏ దేశంలో కూడా అది సావుకి అరవదురా. గుడ్డుకి అరుత్తాది. ఎవుడో దాని గుడ్డు తొక్కబోతన్నాడని అరుత్తాది."

"ఒక్క దేశంలో కూడా దాన్ని చూసి ఎవరూ భయపడరా?" అని అడిగాను, ఊరికే కెలుకుదామని.

ఆయన అబద్ధం చెప్పలేడు. "లివర్పూలులో ఒక ముసిలి దొరసాని అలాటిదేదో కూస్తే బేగి కిటికీ మూసీసినాది" అన్నాడు. "అక్కడ కూడా మనోలున్నారు."

యాత్రికులు కళ్లు తుడుచుకుని, "సోడాబాబుకి జోడీ కుదిరాడు" అన్నారు. అంతే, ఆయన మొహం నల్లబడింది. నా వైపు వేలు చూపించి, "ఈడాడింది కోత. నానాడింది నిజం. రెండూ ఒక్క తక్కెట్లో ఎట్టకండి, మీ లంగర్లు తెగిపోనూ!" అని వెళ్లిపోయాడు. చాన్నాళ్లు రాలేదు.

నాకు ఇప్పటికీ మండుతుంది. మొన్న మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడని రేడియో చెబితే ఆ పల్లె పల్లెంతా నమ్మింది. చూసిరాని రేడియోని నమ్మారు. చూసొచ్చిన మనిషిని, తమ వీధివాణ్ణి, మొంబాసాలో ఒక పిట్ట ఉందంటే నమ్మలేదు.

ఆయనకి పిల్లల్లేరు. చెల్లెలు పోతే దాని కూతుర్ని తనే పెంచి ఆ పల్లెలోనే పెళ్లి చేశాడు. పేరు నూకాలు. పల్లెకి సముద్రం వైపు కాకుండా పొలాల వైపు ఉన్న చివరి ఇల్లు ఆ పిల్ల అత్తవారిది. శ్రీకూర్మం రోడ్డు నుంచి ఆ ఇంటికి పోవాలంటే వేరుశనగ పీకేసిన గులకరాళ్ల చేను మధ్యలోంచి కాలిబాట. ఆ బాట సంగతి గుర్తుంచుకోండి. నేను చెప్పబోయేదంతా ఆ బాట మీదే జరిగింది.

నిరుటికి ముందటి వేసవి. నూకాలుకి మగపిల్లాడు పుట్టాడు. పురుడు పోసుకున్న కొద్ది రోజులకి చలీ జ్వరమూ పట్టుకున్నాయి. కాంపౌండరు వచ్చి చూసి, నా చేతిలో లేదు, శ్రీకాకుళం పెద్దాస్పత్రికి తీసుకుపొండి అన్నాడు. బండి కట్టబోతుండగా చేలో తీతువు కూసింది. అత్తగారు ఎడ్లని విప్పించేసింది.

ఆ పల్లెలో ఒక పద్ధతి ఉంది. రోగి ఉన్న ఇంటి దగ్గర తీతువు విడవకుండా కూస్తే ఇక రోగి ఇంట్లోంచి కదలకూడదు. మంచం మీంచి నేల మీదకి దించేస్తారు. మందు మానేస్తారు. చుట్టాలకి కబురు పెడతారు, కడచూపు చూసుకోమని. కూతని కాదని రోగిని దాటిస్తే అది ఇంట్లో ఇంకొకర్ని, అందులోనూ చిన్నవాళ్లని, పట్టుకుపోతుందట.

ఆ మర్నాడు పొద్దున్న కలాసీ నా కొట్టుకి వచ్చాడు. సోడా అడగలేదు. కూర్చోలేదు.

"సైకిలు తియ్యి. నూకాల్ని కింద దించీసినారు."

ఆయన్ని వెనకాల ఎక్కించుకుని తొక్కాను. దారంతా తిడుతూనే ఉన్నాడు. కాలిబాట మొదట్లో సైకిలు ఆపి చేలోకి దిగామో లేదో, తీతువు రెండు రెక్కలూ విప్పి మా నెత్తి మీదికి దూకింది. తీ తీ తీతూ తీ! అది అరవగానే అటు ఇంట్లోంచి ఒక్కసారిగా శోకాలు లేచాయి.

కలాసీ ఆగిపోయాడు. వంగి గులకరాళ్ల మధ్య చూశాడు. గులకరాళ్లలాగే ఉన్న గుడ్లు, మొనలన్నీ లోపలికి. ఇంతలో రోడ్డు వైపు నుంచి చుట్టాల గుంపొకటి అదే బాట పట్టింది. పిట్ట మమ్మల్ని వదిలి వాళ్ల మీదికి వెళ్లింది. మళ్లీ అరుపు. మళ్లీ ఇంట్లో శోకాలు.

ఆయన అలాగే గుడ్ల పక్కన చతికిలబడ్డాడు.

"ఒరే సోడా. సూసినావా?"

"ఏంటి బావా?"

"కూసినాదని సుట్టాల్ని పిలిసినారు. సుట్టాలు దీని గుడ్లమ్మట నడిసి వత్తన్నారు. అందుకే కూత్తన్నాది. కూత్తన్నాదని ఇంకా సుట్టాల్ని పిలుత్తన్నారు."

నేను జీవితంలో ఎన్నో కోతలు కోశాను గానీ ఇంత అడ్డంగా తిరిగే కథ అల్లలేకపోయాను.

ఇంట్లో నూకాలు మట్టి నేల మీద దక్షిణానికి తలపెట్టి పడుకుని ఉంది. పెదాలు పగిలిపోయాయి. బతికే ఉంది. కళ్లు తెరిచి మేనమామని చూసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు బతికున్న మనిషి పక్కన కూర్చుని చనిపోయిన మనిషి గుణాలు చెప్పుకుంటున్నారు.

"సెల్లీ, దీన్ని లేవదియ్యి" అన్నాడు అత్తగారితో. "ఆ పిట్ట దీనికి కూయడం నేదు. మీ సుట్టాల కాల్లకి కూత్తన్నాది. సేలో గుడ్లున్నాయి. రా, సూపిత్తాను."

"అన్నా, నీ దేశాల కబుర్లు ఇప్పుడొద్దు."

"దేశాలు కాదు. నీ గుమ్మం ముందర!"

"నా కొడుకు పెల్లాం పోవాలని నాకుంటాదేటి?" అందావిడ. "నిన్నటేల నుంచి కూత్తన్నాది. దాన్ని దాటిత్తే ఈ గుంటడ్ని ఎత్తుకుపోతాది. నువ్వు తెచ్చి ఇస్తావా మల్లీ?"

ఆవిడ దుర్మార్గురాలు కాదు. ఒడిలో పసివాణ్ణి అదిమి పట్టుకుని వణుకుతోంది. అందుకే నాకింకా కోపం. దుర్మార్గం అయితే ఒక దెబ్బతో సరిపెట్టవచ్చు. భయాన్ని ఎక్కడ కొట్టాలి?

కలాసీ గుమ్మంలో ఉన్న తెడ్డు తీసుకుని బయటికి వచ్చాడు. కాలిబాట మొదట్లో తెడ్డు అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు.

"బాట లేదు. సముద్రం ఒడ్డంట తిరిగెల్లండి."

"ఏటి మావా, ఈ ఎండలో ఇసకమీదా? కాల్లు కాలిపోవా?"

"కాలనీ. సర్మం మల్లీ వత్తాది. నూకాలు వత్తాదేటి?"

"సచ్చిపోతన్న పిల్లని సూడనియ్యవా? నువ్వు మనిసివా, రాచ్చసుడివా?"

"నువ్వు సూడబట్టే సత్తన్నాది. ఎనక్కి తిరుగు, నీ లంగరు తెగిపోనూ!"

తలమీద మూటలు పెట్టుకున్న ముసలమ్మల్ని, పిల్లల్ని ఎత్తుకున్న తల్లుల్ని, వరసకి తనకే బావమరుదులయ్యేవాళ్లని, ఎవర్నీ వదల్లేదు. ఒకాయన పక్కనుంచి తప్పించుకుపోబోతే తెడ్డుతో పిర్ర మీద ఒకటిచ్చాడు. ఇంకో సమయంలో అయితే ఆ దృశ్యాన్ని నేను ఏడాది పాటు సోడాతో కలిపి అమ్ముకునేవాణ్ణి. అందరూ తిట్టుకుంటూ ఇసుక దారి పట్టారు.

బాట ఖాళీ అయింది. పిట్ట అరుపు మానింది. కాసేపు అటూ ఇటూ నడిచి గుడ్ల మీదకి చేరింది. ఎండ మాడ్చేస్తోంది. అది లేచి చేను పక్క గుంటలోకి పోయి, పొట్ట ఈకలు నీళ్లలో ముంచుకుని, తడితడిగా వచ్చి మళ్లీ గుడ్ల మీద కూర్చుంది.

"సూడు" అన్నాడు కలాసీ. "తడిగుడ్డ ఎడతన్నాది గుడ్లకి. ఆ ఇంట్లో అంతమందున్నారు. ఒక్కర్తె నూకాలు నుదుట తడిగుడ్డెయ్యనేదు."

చేనంతా నిశ్శబ్దంగా ఉంది. ఇంట్లోవాళ్లకీ ఆ నిశ్శబ్దం వినపడి ఉంటుంది, ఇప్పటికైనా తెలుస్తుంది అనుకున్నాను. ఆయనా అలాగే అనుకున్నాడు. మొహంలో ఒక వెలుగు కూడా వచ్చింది. ఇంతలో ఇంట్లోంచి ఒకాయన కత్తి పట్టుకుని బయటికి వచ్చి, వెదురు గెడల వైపు నడిచాడు.

"ఎక్కడికిరా?" అని అరిచాడు కలాసీ.

"పాడె కట్టాల కదా మావా. కూత ఆగిపోనాది. అంటే పని అయిపోనట్టే."

కూస్తే చావు. కూయకపోతే చావు అయిపోయినట్టు. ఇంకెటు తిప్పి చెబుతారు వీళ్లకి? నేను నా జన్మలో మొదటిసారి ఒక మనిషి గొంతు పట్టుకుందామని ముందుకి వెళ్లాను. కలాసీ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. తెడ్డు కింద పెట్టి, కోటు దులుపుకుని, ఇంట్లోకి నడిచాడు. వెనకాలే వెళ్లాను.

అత్తగారి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆయన మెల్లగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

"సెల్లీ, నువ్వన్నదే నిజం. కూత అంటుకున్నాది దీనికి."

ఏడుపులు ఆగిపోయాయి.

"మొంబాసాలో కూడా అంతే. అక్కడ దాన్ని కమ్మరి పిట్టంతారు. అది కూస్తే మనిసి బతకడు. కానీ అక్కడోలు నేలమీద దించరు. ఇనప మంచమ్మీద ఎడతారు. కూత మట్టికి అంటుతాది, కర్రకి అంటుతాది. ఇనుముకి అంటదు. జారిపోద్ది. కమ్మరి పిట్ట కదా, ఇనుమంటే దానికి బయ్యం."

"మరి గుంటడో?" అంది ఆవిడ.

"తల్లి ఇనుమ్మీదుంటే బిడ్డకి కూడా అంటదు."

బాలింత తలగడ కింద కత్తి పెట్టే ఊరు అది. ఇనుము మాట ఎవరూ రెండోసారి అడగలేదు.

"ఇనప మంచం మనకేది అన్నా?"

"శీకాకులం పెద్దాసుపత్రిలో వరసగా ఉన్నాయి."

అబద్ధం చెప్పేవాడి కళ్లు ఎటు తిరుగుతాయో నాకు తెలుసు, అది నా వృత్తి. ఆయన కళ్లు ఎటూ తిరగలేదు. గోడ మీది మేకుని చూస్తున్నట్టు ఆవిడ కళ్లలోకే చూశాడు. ఎడ్లని కట్టడానికి మగవాళ్లు పరిగెత్తారు. పాడె కోసం వెదురు నరకబోయినవాడే ఆ గెడల్ని బండి మీద ఎండకి పందిరి వేశాడు.

బండి వెనకాల నడుస్తూ ఆయన నాతో ఒక్కటే అన్నాడు:

"ఇన్నేల్లు నిజం సెప్పినాను. ఒక్క నాకొడుకు నమ్మనేదు. ఇయ్యాల ఒక్క అబద్దం ఆడినాను. ఎడ్లు కూడా నమ్మీసినాయి." కొంత దూరం పోయాక ఉమ్మేసి, "నీ బతుకెంత సుకంరా సోడా" అన్నాడు. ఇంత తిట్టు ఆయన నన్నెప్పుడూ తిట్టలేదు.

నూకాలు బతికింది. సూదులు గుచ్చారు, సీసాతో మందు ఎక్కించారు. పిల్లాణ్ణి ఎత్తుకుని నడిచి ఇంటికి వచ్చింది. కథ అక్కడ ఆగిపోయి ఉంటే నేనిది ఇంత కోపంతో రాయక్కర్లేదు.

ఊరివాళ్లు మాట్లాడుకున్నారు. ఎవరికీ డాక్టరు గుర్తులేడు, సూది గుర్తులేదు. మంచం గుర్తుంది. తలో చెయ్యీ వేసి శ్రీకాకుళం నుంచి ఒక ఇనప మంచం కొనుక్కొచ్చారు. భజన మందిరంలో పెట్టి, మంచంకోళ్లకి పసుపు రాసి బొట్లు పెట్టారు. ఎవరికి జబ్బు చేసినా ఆ మంచాన్ని ఇంటికి మోసుకుపోయి రోగిని దాని మీద పడుకోబెట్టడం మొదలుపెట్టారు. ఆస్పత్రి అన్న మాట అనడమే మానేశారు. కడుపునొప్పితో ఒక పెద్దాయన ఆ మంచం మీదే పోయాడు. "ఆలస్యంగా ఎక్కించినాం" అనుకున్నారు.

కలాసీ పిచ్చివాడైపోయాడు. ఇంటింటికీ తిరిగి, "అది అబద్దమర్రా, నానే ఆడినాను" అని చెప్పాడు. ఎవరైనా కోసిన కోతని నిజమని ఒట్టేస్తారు. నిజమని అందరూ నమ్మినదాన్ని కోత అని ఒట్టేసే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. వాళ్లు నవ్వారు.

పోయిన వేసవిలో నూకాలు కొడుక్కి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. కలాసీ పిలిస్తే మళ్లీ నా సైకిలు మీదే వెళ్లాం. పిల్లాడు వడిలిన తోటకూర కాడలాగా ఇనప మంచం మీద పడి ఉన్నాడు. కళ్లు లోపలికి పోయాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు. నూకాలు పక్కన కూర్చుని విసురుతోంది.

"లేపు. బండి కట్టించు."

"ఎందుకు మావా? మంచం ఉన్నాది కదా."

"ఒసే నూకాలూ, నా మాటిను. ఆ మంచంలో ఏటీ నేదు. నాను అబద్దమాడినాను. నిన్ను ఇంట్లోంచి తీసుకెల్దామని ఆడినాను."

"మరి నానెలగ బతికినాను?"

"సూదికి బతికినావు. డాక్టరు మందుకి బతికినావు."

నూకాలు నవ్వింది. వెక్కిరింపు కాదు, ప్రేమగానే నవ్వింది. అందుకే తట్టుకోవడం కష్టం.

"ఊరుకో మావా, కోతలు" అంది.

ఆయనకి తిట్టు రాలేదు. పిల్లాణ్ణి రెండు చేతులతో ఎత్తి నూకాలు ఒళ్లో పెట్టాడు. మంచాన్ని తిరగేసి నెత్తికెత్తుకున్నాడు. ఆ వయసులో ఇనప మంచం నెత్తిన పెట్టుకుని వీధిలోంచి సముద్రం వైపు నడిచాడు. పసుపు కుంకాలు చెమటతో కలిసి కోటు మీద కారాయి. "ఏటిది, ఏటిది" అంటూ వీధంతా వెంటపడింది. ఒడ్డున ఉన్న తెప్ప మీద మంచం వేసి నీళ్లలోకి తోశాడు. నేను కూడా ఒక చెయ్యి వేశాను. నా పంచె తడిసింది. ఇది కోత కాదు.

అలలు దాటించి తెప్ప మీద లేచి నిలబడ్డాడు. మంచాన్ని అంచుకి తోశాడు. అది ఒకసారి ఎండకి తళుక్కుమని మునిగిపోయింది. ఒడ్డున ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. మగవాళ్లు ఇసుక తీసి విసురుతున్నారు. కలాసీ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అలల మీంచి కేకేశాడు:

"ఇనప మంచం గావాలేటర్రా? శీకాకులంలో ఉన్నాది! బేగెల్లండి!"

బండి కట్టారు. ఏం చేస్తారు మరి, ఇంకో ఇనప మంచం అక్కడే ఉంది.

పిల్లాడు బతికాడు. కలాసీకి ఆ వీధిలో పిలుపులు ఆగిపోయాయి, నిప్పు ఇచ్చేవాళ్లు లేకపోయారు. ఊరి మంచాన్ని ముంచినవాడి దగ్గుని మాత్రం ఎవరు వింటారు?

నిన్న నూకాలు కొడుకుని చంకనెత్తుకుని గుడికి వచ్చి, దాహానికి నా కొట్టు దగ్గర ఆగింది. మేనమామని తలుచుకుని కాసేపు కళ్లు ఒత్తుకుంది. మనసున్న పిల్ల. వాడు కాళ్లు ఆడిస్తూ నా సీసాలన్నీ లాగేస్తున్నాడు.

"మంచోడే బాబూ మా మావ. ఆ ఒక్క పనీ సెయ్యకుండా ఉండాల్సింది" అంది. "ఆ మంచం ఉంటే ఈ గుంటడ్ని ఆసుపత్రికి మోసుకెల్లే పనే నేకపోను."